మా మనవరాలికి మూడు వేల మంది తెలుసు

మా మనవరాలికి మూడు వేల మంది తెలుసట. లింక్డిన్‌లో అంకె చూపించింది కాబట్టి కాదనడానికి లేదు. అందులో బెర్లిన్‌లో అక్షరాలు గీసే ఒకాయన ఉన్నాడు, బెంగుళూరులో యాప్‌లకి ముఖాలు దిద్దే అమ్మాయిలున్నారు, ఎవరో వైస్ ప్రెసిడెంట్లు కూడా ఉన్నారు. పిల్లది డిజైన్ పని చేస్తుంది. చేతిలో పనితనం ఉంది, నేను కాదనను. "ఈ మూడు వేల మందిలో నీ పని చూసి, ఇక్కడ తప్పు చేశావు అని చెప్పినవాళ్ళు ఎంతమంది అమ్మడూ?" అనడిగాను. "అలా ఎవరూ అనరు తాతయ్యా, బాగుండదు" అంది. ఏం పెట్టినా చప్పట్లు కొట్టే బొమ్మ ఒకటుంటుందట, అందరూ అది నొక్కి వెళ్ళిపోతారట. "మరి నేర్చుకునేదెప్పుడు?" అంటే, "దానికి వేరే కోర్సులున్నాయి" అంది.

పరిచయాలు ఒకచోటా, పాఠాలు ఇంకోచోటా! మా రోజుల్లో ఈ రెండూ ఒకే అరుగు మీద కూర్చునేవి. ఎవరి దగ్గర పని నేర్చుకున్నామో వాళ్ళే మన పరిచయస్తులు. వాళ్ళు తిట్టిన తిట్లే మన సర్టిఫికెట్లు.

ఆ మధ్య ఇక్కడ పుదుచ్చేరిలో బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఓ హోటల్లో నెట్‌వర్కింగ్ సాయంత్రం అని ఒకటి పెట్టారు. "నువ్వూ రా తాతయ్యా, నీ ప్రెస్సు కబుర్లు అందరికీ నచ్చుతాయి" అని లాక్కెళ్ళింది. అందరి మెడలోనూ తలో బిళ్ళ. బిళ్ళ మీద పేరు, పేరు కింద చదరంగా ఓ చుక్కల ముగ్గు. ఒకళ్ళ ముగ్గుకి ఇంకొకళ్ళు ఫోను చూపిస్తే పరిచయం అయిపోయినట్టే. మనిషికి రెండు నిమిషాలు, గంట కొట్టగానే పక్కకి జరగాలి. ఒక కుర్రాడు నా ముందుకొచ్చి "మీ ప్యాషన్ ఏంటి సార్?" అనడిగాడు. "నాకు షుగరూ బీపీ ఉన్నాయి నాయనా, అదింకా రాలేదు" అన్నాను. నవ్వలేదు. ఫోనులో రాసుకున్నాడేమో కూడా. ఇంకో అమ్మాయి తను కథలతో బ్రాండ్లకి ప్రాణం పోస్తానంది. ఏం కథలమ్మా అని అడిగేలోపు గంట కొట్టేశారు. తినడానికి పెట్టిన క్రొసాన్లు మాత్రం బావున్నాయి. ఆ విషయంలో ఈ ఊరు ఇప్పటికీ పరువు నిలబెట్టుకుంటోంది.

మాది యానాం. పుదుచ్చేరి ప్రభుత్వం కిందే ఉన్నా ఈ ఊరికి 800 కిలోమీటర్ల పైమాటే. 1954 నవంబరు 1న ఫ్రెంచివాళ్ళు పెత్తనం అప్పగించేనాటికి నేను పలక పట్టిన పిల్లాణ్ణి. మా తరానికి పెద్ద చదువైనా, సర్కారు సంతకమైనా పుదుచ్చేరి రావలసిందే. సామర్లకోటలో రైలెక్కి, మద్రాసులో దిగి, అక్కణ్ణుంచి తిండివనం మీదుగా బస్సు. 1970ల మొదట్లో నేనిక్కడికి వచ్చినప్పుడు నా జేబులో ఉన్న నెట్‌వర్కంతా కలిపి ఒక ఇన్లాండ్ ఉత్తరం. మా నాన్నకి తెలిసిన ఒకాయన, ఇక్కడ గుమాస్తాగా ఉన్న తన బావమరిదికి రాసిన నాలుగు ముక్కలు. కుర్రాడు కాకినాడలో అచ్చాఫీసులో పనిచేశాడు, బుద్ధిమంతుడు, తిండి దగ్గర మొహమాటపడతాడు అని. ఆ మూడో మాట అబద్ధం. ఆ గుమాస్తా గారు నాకు వారం రోజులు అన్నం పెట్టి, కాలవ గట్టున ఉన్న ఒక ప్రెస్సులో తెలుగు కంపోజిటరు కావాలంటే తీసుకెళ్ళి అప్పజెప్పారు.

ఆ ప్రెస్సులో తమిళం, ఇంగ్లీషు, ఫ్రెంచి, అప్పుడప్పుడూ తెలుగు. ఇవాళ్టి పిల్లలకి కంపోజింగు అంటే ఏమిటో చెప్పాలి. గోడవారన ఏటవాలుగా చెక్క కేసులు. కేసు నిండా చిన్న చిన్న గళ్ళు, గడికో సీసపు అచ్చు. ఎడంచేతిలో స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో అచ్చూ ఏరి, తలకిందులుగా పేర్చాలి. అచ్చు ఒంటి మీద చిన్న గాడి ఉంటుంది. అది వేలికి తగిలితే చాలు, కంటితో చూడకుండానే అచ్చు సరిగా నిలబడిందో లేదో తెలిసిపోతుంది. ఇంగ్లీషువాడికి గళ్ళు తక్కువ, వాడు దొర. మనకో? గుణింతాలకి వేరే, వత్తులకి వేరే. లక్ష్మి అనే పేరు కూర్చాలంటే ల పెట్టి, క్షి పెట్టి, దానికి ఆనుకునేలా మ వత్తు దూర్చాలి. వత్తు తోక సన్నం. బిగించేటప్పుడు పుటుక్కున విరిగితే ఆ లక్ష్మి గారి పెళ్ళి శుభలేఖ ఆగిపోయినట్టే, ఎందుకంటే మ వత్తులు కేసులో గుప్పెడు కూడా ఉండేవి కావు. కొత్తవి మద్రాసు ఫౌండ్రీ నుంచి రావాలి.

నాకు మొదట పని నేర్పిన మేస్త్రి తమిళుడు. తెలుగు చదవడం రాదు. అయినా తెలుగు ప్రూఫులో ఎక్కడ వత్తు ఎగిరిపోయిందో దూరంనుంచే చెప్పేవాడు. వరసల మధ్య తెలుపు చూసి పట్టేవాడట. రెండేళ్ళపాటు ఆయన నాతో మాట్లాడింది తక్కువ, ప్రూఫు మీద ఎర్ర సిరాతో గీసింది ఎక్కువ. సాయంత్రం ఇంటికెళ్ళేముందు ఆ ఎర్రగీతలన్నీ నా చేత నా నోట్‌బుక్కులోకి ఎక్కించేవాడు. మా మనవరాలు చూపించే చప్పట్ల బొమ్మ మేస్త్రి చేతికిస్తే ఏం చేసేవాడో తలచుకుంటే నవ్వొస్తుంది.

ఫ్రెంచి కథ వేరు. ఈ ఊళ్ళో అప్పట్లో సొల్దాలు చాలామంది ఉండేవారు. ఫ్రెంచి సైన్యంలో చేరి ఇండోచైనా దాకా వెళ్ళి పోరాడి వచ్చి, ఫ్రాన్సు నుంచి పెన్షను పుచ్చుకునే పుదుచ్చేరి తమిళులు. వాళ్ళ పెన్షను లెక్క వింటే మాకు కళ్ళు తిరిగేవి. వాళ్ళు కలుసుకునే ఫోయే ద్యు సొల్దా ఇప్పటికీ లాల్ బహదూర్ శాస్త్రి వీధిలో ఉంది. జులై 14 వస్తే పతకాలు తగిలించుకుని బయల్దేరేవారు. అలాంటి ఒక ముస్యే మా ప్రెస్సు వెనక సందులో ఉండేవాడు. ఫ్రెంచి కార్డు ఏది కంపోజు చేసినా తడి ప్రూఫు పట్టుకుని ఆయన అరుగెక్కేవాణ్ణి. ఆయన పెన్సిలు చెవిలోంచి తీసి, అక్షరం అక్షరం పైకి చదివేవాడు. 'ఈ' నెత్తిన గీత కుడికి వాలాలా ఎడమకి వాలాలా, 'సి' కింద తోక ఉందా లేదా అని చూసి, ఒక్కటి తప్పినా ప్రూఫు మడిచి నా జేబులో కుక్కేసేవాడు. మళ్ళీ తీసుకురా అన్నట్టు. దీనికి ఆయన పుచ్చుకున్న ఫీజు ఏమిటో చెప్పనా? ఘంటసాల పాటలకి అర్థాలు. ఆయనకి తెలుగు రాదు, ఘంటసాల గొంతంటే ప్రాణం. అరుగు మీద మర్ఫీ రేడియో. పాట అవ్వగానే నా వంక చూసేవాడు. నాకు వచ్చిన తమిళంలో, రాని ఫ్రెంచిలో ఏదో చెప్పేవాణ్ణి. అర్థం సగమే చేరేది కాబోలు, ఆయన కళ్ళు మాత్రం నిండుగా తడిసేవి.

మద్రాసు సంగతి కూడా చెప్పాలి. తెలుగు కేసు అమరికలో మా ప్రెస్సుది నాటు పద్ధతి. వత్తులు ఒక మూల, గుణింతాలు ఇంకో మూల, మనిషి రోజంతా నాట్యం చెయ్యాలి. మద్రాసులో తెలుగు ప్రెస్సులున్నాయి, అక్కడ ఎలా అమరుస్తారో చూసి రమ్మని మేస్త్రి పంపాడు. అక్కడి ముసలి కంపోజిటరు నన్ను ఎగాదిగా చూసి, వాడేసిన పేజీల గుట్ట నా ముందు పెట్టి, అచ్చులన్నీ గళ్ళలో వెయ్యమన్నాడు. సాయంత్రం దాకా వేశాను. వేళ్ళు సీసంతో నల్లబడ్డాక, కేసు అమరిక నాకిక ఎవరూ చూపించనక్కర్లేదని అర్థమైంది. గళ్ళలో అచ్చులు వేస్తూ వేస్తూ నా చేతికే తెలిసిపోయింది. ఆయన నవ్వి టీ ఇప్పించాడు. ఆ తరవాత అచ్చుల కొరత వచ్చినప్పుడల్లా ఆయనకి కార్డుముక్క రాసేవాణ్ణి, మద్రాసునుంచి బస్సు కండక్టరు చేతిలో కాగితం పొట్లంలో వత్తులు వచ్చేవి.

అప్పుడు మాకు తెలియని మాట ఒకటుంది, ప్యాషన్. ఇప్పుడు ప్రతి బయోడేటాలోనూ అది పైనుంచి మూడో వరసలో ఉంటోంది. మా మేస్త్రిని మీకు అచ్చుపనంటే ఇష్టమా అని అడిగితే, పనిలేకపోతే అడిగావులే అని తరిమేసేవాడు. కానీ ఆదివారం కూడా వచ్చి, ఒక్కడే కూర్చుని, అరిగిపోయిన అచ్చులు వెలుగులో పెట్టి చూసుకుంటూ ఉండేవాడు. ఆయన భార్య వచ్చి అన్నానికి పిలవాల్సొచ్చేది.

నాదంటే చిన్న బతుకు. పెద్ద కథ కావాలంటే ఈ ఊళ్ళోనే ఉంది, అదీ తెలుగుతో ముడిపడ్డది. గాస్తోఁ లొరాఁ కెర్దూ అని ఒక ఫ్రెంచి జెస్యూట్ పాదిరీ. 1691లో బూర్జ్‌లో పుట్టాడు, 1732లో ఇండియా వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. ఏదో సంతలో బేరమాడేపాటి తెలుగు కాదు, తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువు రాసుకునేంత. పుదుచ్చేరిలోనే ఎక్కువకాలం ఉండి, 1779లో ఇక్కడే పోయాడు. ఆయనకి యూనివర్సిటీ లేదు, గైడు లేడు. ఉన్నదల్లా తన దగ్గరికి వచ్చే మనుషులు.

ఆ వచ్చేవాళ్ళలో బట్టల మీద బొమ్మలద్దేవాళ్ళున్నారు. మన కలంకారీ లాంటి పని. అప్పట్లో ఐరోపా ఆ బట్టలంటే పడిచచ్చేది. ఎంతగా అంటే, తమ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయని ఫ్రాన్సు ప్రభుత్వం 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది. ఉతికినా రంగు పోదేం అన్నది అక్కడివాళ్ళకి అంతుపట్టలేదు. కెర్దూ కూర్చుని అద్దకంవాళ్ళని అడిగాడు. గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టడం దగ్గర్నుంచి, పాలలోని కొవ్వువల్ల రంగు పాకకుండా నిలబడటం, పటికతో ఎరుపుకి పట్టు రావడం, చిరివేరుతో ఉడికించడం, నీలిమందు వేసేటప్పుడు అక్కర్లేని చోట మైనం పూయడం దాకా. 1742లో ఇదంతా ఉత్తరంగా రాసి ఫ్రాన్సుకి పంపాడు. 1747లో మళ్ళీ ఇంకో ఉత్తరం. ఇవాళైతే దీన్ని ట్రేడ్ సీక్రెట్ లాగేయడం అంటారు. కాదనను. కానీ ఆయన అడిగిన తీరు చూడండి. ఏ నీళ్ళు, ఎంతసేపు, ఎండలోనా నీడలోనా అని అడిగాడు. మీ ప్యాషన్ ఏంటి అని ఎవర్నీ అడగలేదు.

అంతకంటే పెద్దది ఇంకోటుంది. సంస్కృతంలో దానం, లాటిన్‌లో దోనుం. ఇక్కడ విధవ, అక్కడ విదువా. ఇలాంటి మాటలు పోగేసి, ఈ భాషలకి ఎక్కడో ఒకే మూలం ఉందని 1767లో పుదుచ్చేరి నుంచి పారిస్ పండితులకి రాశాడు. అప్పటి ఊరి పరిస్థితి ఏమిటంటే, 1761లో ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని పునాదులతో సహా కూల్చిపోయారు. 1765లో తిరిగి ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చింది. గోడలు లేస్తున్న ఊళ్ళో కూర్చుని ముసలాయన విదువా, విధవ అని రాసుకుంటున్నాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఇదే మాట చెప్పి ప్రపంచ ప్రసిద్ధుడైంది 1786లో. కెర్దూ ఉత్తరం అచ్చులోకి వచ్చింది 1808లో, ఆయన పోయాక ఇరవై తొమ్మిదేళ్ళకి. మా మనవరాలు పంపిన మెసేజీకి నీలం టిక్కులు పడి అరగంటైనా జవాబు రాకపోతే అన్నం మానేస్తుంది.

కెర్దూతో మొదలైన గొలుసు అక్కడితో ఆగలేదు. కెర్దూ హిందువుల ఆచారాల మీద రాసుకున్న రాతప్రతి ఒకటి ఉండేది. తరవాతి తరంలో పుదుచ్చేరి మిషన్ కింద పనిచేసిన అబ్బే దుబ్వా అనే పాదిరీ దాన్ని దగ్గర పెట్టుకుని తన పుస్తకం తయారుచేశాడు. పేరు మాత్రం దుబ్వాదే పడింది, 1816లో ఇంగ్లీషులో అచ్చయింది. దాని వెనక కెర్దూ ఉన్నాడని సిల్వియా ముర్ అనే పరిశోధకురాలు 1987లో తేల్చి చెప్పేదాకా లోకానికి తెలీదు. ఇదిలా ఉండగా 1820లో కడప వచ్చిన కలెక్టరు గారి కుర్ర సహాయకుడు, మన సి.పి. బ్రౌను, ఆ దుబ్వా పుస్తకంలో వేమన పేరు చూశాడు. ఎవరీ వేమన అని వెతకడం మొదలుపెట్టాడు, పండితుల్ని కూడగట్టాడు, 1829లో పద్యాలు అచ్చువేశాడు. కడపలో సొంత డబ్బుతో జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య లాంటివాళ్ళని కూర్చోబెట్టి తాళపత్రాలు సరిచూయించాడు. కెర్దూ, దుబ్వా, బ్రౌను ఒకరినొకరు చూడను కూడా చూడని మనుషులు. ఒకళ్ళ పని ఇంకొకళ్ళ చేతికి చేరింది, అంతే.

ఇదంతా చెప్పి మా రోజులే గొప్పవనడానికి నాకూ కొంచెం సిగ్గేస్తుంది, ఎందుకంటే మిగతా సగం కూడా తెలుసు. 1748 సెప్టెంబరులో గవర్నరు డూప్లే గారి హయాంలో ఇక్కడి వేదపురీశ్వరుడి గుడి కూల్చారు. ఆ వేళ ఈ కెర్దూ పాదిరీయే స్వయంగా దిగి లింగాన్ని తన్నాడని ఆనందరంగ పిళ్ళై డైరీలో ఉంది. అద్దకంవాడి పక్కన కూర్చుని కరక్కాయ లెక్క రాసుకున్న మనిషే. విద్య నేర్పినవాళ్ళ దేవుణ్ణి తన్నగలిగాడంటే, పరిచయాలు పెరిగితే మనిషి పెరుగుతాడనే మాట ఎవరు చెప్పినా నేను నమ్మను. పైగా ఆ అద్దకంవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఉత్తరం కెర్దూది, పుస్తకం దుబ్వాది, గుడ్డ మీద చెయ్యి ఎవరిదో.

డైరీ రాసిన ఆనందరంగ పిళ్ళై సంగతే చూడండి. 1709లో పుట్టి, 1736 నుంచి 1761లో పోయేదాకా రోజూ రాసుకున్నాడు. డూప్లేకి దుబాసీ. తెలుగు బాగా తెలుసు. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమని ఏకంగా ఛందస్సు గ్రంథమే ఆయన పేరు మీద రాశాడు. ఇప్పటికీ రంగపిళ్ళై వీధిలో, పెద్ద మార్కెట్టు పక్కన ఆయన ఇల్లుంది. గొప్పవాడే, సందేహం లేదు. కానీ ఆయన కుటుంబం మద్రాసునుంచి ఇక్కడికి రావడానికి కారణం అప్పటికే ఇక్కడ దుబాసీగా ఉన్న నైనియప్ప పిళ్ళై అనే దగ్గరి బంధువు. చుట్టం లేనివాడికి ఆ తలుపు ఉన్నట్టే తెలిసేది కాదు. మా రోజుల్లోనూ అంతే. నాకా ఇన్లాండ్ ఉత్తరం లేకపోతే నేను తిండివనం బస్టాండులోనే ఉండేవాణ్ణి.

మా ప్రెస్సు వెనక గదిలో బైండింగుకి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఫారాలు మడవడం, కుట్టడం. అందులో ఒకావిడకి తలకిందులుగా ఉన్న అచ్చు అద్దంలో చూసినట్టు కనిపించేది. ఫారం మిషనెక్కకముందే, "అదుగో ఆ మూడో వరసలో అక్షరం పడిపోయింది" అని అటువైపు నడుస్తూ అనేసి వెళ్ళిపోయేది. తమిళమూ, ఇంగ్లీషూ రెండూ. మేస్త్రి కూడా ఆవిడ మాట విని ఆగి చూసేవాడు. అయినా ఆవిడకి కేసు ఇవ్వలేదు. ఆడవాళ్ళు స్టిక్కు పట్టుకుంటే మర్యాద కాదట. ఆవిడ పదవీ విరమణ కూడా బైండింగు బల్ల దగ్గరే. ఇవాళ మా మనవరాలు ఎవరి ఉత్తరమూ లేకుండా, ఎవరి బావమరిదీ లేకుండా బెర్లిన్ ఆయనకి నేరుగా రాయగలుగుతోంది. అక్కడ మాత్రం నేను నోరు మూసుకుంటాను.

ఈ ఊరికి మనుషుల్ని కలిపే గుణం ఏదో ఉంది. 1908లో బ్రిటిషువాళ్ళ వారంటు తప్పించుకుని సుబ్రహ్మణ్య భారతి ఇక్కడికొచ్చాడు. 1910 ఏప్రిల్ 4న అరవిందులు వచ్చారు. భారతి దగ్గర ఆయన తమిళం నేర్చుకున్నారు, ఇద్దరూ వేదం మీద కూర్చున్నారు. వాళ్ళ వెంట బ్రిటిషు గూఢచారులు కూడా ఉండేవారు, ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో రాసుకుంటూ. ఇవాళ్టి యాప్‌లు చేసే పనే, కాకపోతే ఎండలో నిలబడి చేసేవారు. భారతిని కలిసిన ఒక బడిపంతులు తన పేరే మార్చుకుని భారతిదాసన్ అయ్యాడు. తెలుగువాడు వేలూరి చంద్రశేఖరం గారు 1920ల్లో వచ్చి అరవిందుల దగ్గర ఋగ్వేదం చదువుకున్నారు. 1955లో సెయింట్ లూయీ వీధిలో ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ పెట్టాక, అక్కడి పండితులు ఊరూరా తిరిగి శైవాగమాల తాళపత్రాలు అడిగి తెచ్చారు. ఇప్పుడక్కడ 8 వేలకు పైగా కట్టలున్నాయి. 2005లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతుల జాబితాలోకి ఎక్కించింది. మఠంవాళ్ళో పూజారులో తమ ఇంటి తాళపత్రం ముక్కూమొహం తెలీనివాడికి ఎందుకిస్తారు? వాళ్ళ ముందు కూర్చుని ఆ తాళపత్రం చదివి చూపిస్తేనే ఇస్తారు.

ఇంక మా పని ఎలా పోయిందంటే, కంప్యూటరు వచ్చింది. మా అచ్చులన్నీ కిలోల లెక్కన పాత సీసానికి అమ్మేశారు. తూకం వేసినవాడు తమిళమా తెలుగా అని కూడా అడగలేదు. చాలామంది కంపోజిటర్లు హోటళ్ళ ముందు వాచ్‌మన్లయ్యారు. నేను బతికిపోయింది మళ్ళీ పరిచయం వల్లే. సందులో ఒక కాలేజీ కుర్రాడు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగు టైపు చేస్తుండేవాడు. వాడికి మీటలు తెలుసు, మాట ఎక్కడ విరవాలో తెలీదు. వాక్యం చివర ఒంటి అక్షరాన్ని కింది వరసలో అనాథలా వదిలేసేవాడు. నాకు విరవడం తెలుసు, మీటలు తెలీవు. ఇద్దరం ఒకే కుర్చీ పంచుకున్నాం. "మావయ్యా, మీరు చెప్పండి, నేను నొక్కుతా" అనేవాడు. ఎవరి ప్రొఫైలూ ఎవరం చూడలేదు.

ఆ తరవాత వచ్చినవాళ్ళలో నాకు దండం పెట్టాలనిపించేవాళ్ళు కొందరున్నారు. ఒకప్పుడు అను ఫాంట్లలో చేసిన పేజీ ఇంకో కంప్యూటర్లో తెరిస్తే చీమల బారు కనిపించేది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన 2000, వేమన 2000 అని యూనికోడు ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చేశారు. వేమన ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా వచ్చాడో చూడండి. వెన్న నాగార్జున గారు 2003లో తెలుగు వికీపీడియా మొదలుపెట్టారు. పాత ఫాంట్లలో రాసిందాన్ని యూనికోడులోకి మార్చే పద్మ కూడా ఆయన చేసిందే. సిలికానాంధ్ర వాళ్ళు మరికొన్ని ఫాంట్లు చేయించి అందరికీ వదిలారు. ఇవాళ శుభలేఖల మీద, సినిమా పోస్టర్ల మీద మీరు చూసే అక్షరాల్లో అవీ ఉంటాయి. వీళ్ళకీ నెట్‌వర్కులున్నాయి, కానీ చేతిలో ఒక పని పట్టుకుని వెళ్ళి కలిశారు. నా గొణుగుడు కంప్యూటరు మీద కాదని దీన్నిబట్టైనా మా మనవరాలు ఒప్పుకోవాలి.

నా గొణుగుడు వట్టి చేతుల మీద. మా వీధిలో పిల్లలు ఇప్పుడు ఫ్రెంచి నేర్చుకుంటున్నారు, ఎక్కువమంది కెనడాకి. ఫోనులో ఆకుపచ్చ గుడ్లగూబ నేర్పుతుందట. రోజూ తప్పకుండా నొక్కితే మంట బొమ్మ వస్తుంది, మానేస్తే గుడ్లగూబ ఏడుస్తుంది. బానే ఉంది. కానీ రెండు వీధుల అవతల, పారిస్‌లో ముప్పై ఏళ్ళు ఉండి వచ్చిన ముసలమ్మలు కుర్చీ వేసుకుని, మాట్లాడటానికి మనిషి దొరక్క, పిల్లిని తిడుతుంటారు. శుద్ధమైన ఫ్రెంచిలో తిడతారు. ఒక్క కుర్రాడూ వెళ్ళి బొంజూర్ అనడు. ఎందుకురా అంటే, "పరిచయం లేదు కదా తాతగారూ" అంటాడు. పరిచయం అనేది ముందే ఉండి తరవాత మాట్లాడేదనుకుంటున్నారు వీళ్ళు.

1827లో పెట్టిన లైబ్రరీ ఉంది ఈ ఊళ్ళో, ఇప్పుడు రోమా రోలాఁ పేరుతో ఉంది. 1889 నుంచి ఆలియాఁస్ ఫ్రాఁసేజ్ ఉంది. మా కాలంలో లైబ్రరీ బెంచీ మీద పక్కవాడు ఏం చదువుతున్నాడో మెడ సాచి చూసేవాళ్ళం. అది మర్యాద కాదని తెలిసే చూసేవాళ్ళం. అలా మెడ సాచినవాళ్ళలో ఒకడితో నాకు నలభై ఏళ్ళ స్నేహం. ఇప్పుడు చెవుల్లో తెల్ల పుల్లలు పెట్టుకుని కూర్చుంటున్నారు. మెడ సాచినా అవతలివాడికి తెలీదు.

పుదుచ్చేరి యూనివర్సిటీకీ, జిప్మర్‌కీ, ఇంజనీరింగు కాలేజీలకీ వచ్చే తెలుగు పిల్లలకి, ముఖ్యంగా మా యానాం పిల్లలకి ఒక్క విన్నపం. ఆదివారం గాంధీ రోడ్డు సంతలో పాత పుస్తకాల దగ్గర, చొక్కా జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని తిరిగే ముసలాయన కనిపిస్తే అది నేనే. కనెక్షన్ రిక్వెస్టులు పంపకండి, నాకు చూడటం రాదు. మీరు చేసిన పని ఏదైనా ఒకటి కాగితం మీద తీసి పట్టుకురండి. తెలుగైతే తప్పులు నేను చూస్తాను. ఫ్రెంచైతే చూడగలిగేవాళ్ళ అరుగు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. అలాంటివాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. కాస్త తొందరగా రండి, అందరిదీ నా వయసే.